కౌజుపిట్టల వేటయు, చోటు చెప్పని మర్యాదయు

వేటకాండ్రలో నొక వింత యాచారము గలదు. తాము కొట్టిన పిట్టలెన్నియో చెప్పుదురు. ఏ తుపాకి పట్టిరో, ఏ కుక్క వెంట వచ్చెనో చెప్పుదురు. కాని యే గుట్టక్రింద, ఏ పొదలనడుమ నవి దొరకెనని యడిగినచో మాట మార్చుదురు. ఇది వట్టి లోభమని మనకు తోచును. అయితే దీనికి మూలము పక్షి స్వభావమునందే యున్నది. దానిని తెలిసికొన్నచో నేడు మనము చేయవలసిన పనియు తేటపడును.

మన మెట్టపొలములయందును, తుమ్మలు, రేగుపొదలు పెరుగు బీళ్లయందును నివసించు కౌజుపిట్ట యిందుకు మంచి యుదాహరణము. ఇది కోడిజాతికి చేరిన పక్షి. బూడిదవన్నెయు గోధుమవన్నెయు గలసిన యీకలపై సన్నని చారలుండుటచే ఎండిన గడ్డిలో కానరాదు. అపాయము తోచినచో ముందుగా పరుగెత్తును. తప్పనప్పుడే బుఱ్ఱున నెగిరి, కొంతదూరముననే మఱల నేలకు వాలును. ఇది వలసపోవు పక్షి కాదు. నాలుగు మొదలు ఎనిమిదివఱకు గల చిన్న గుంపులుగా ఒక్క బీడునే ఆశ్రయించి యేడాది పొడుగునను అచ్చటనే బ్రదుకును. గింజలు, చెదలు, చిన్న పురుగులు దీని యాహారము. రాత్రులయందు పొట్టి ముండ్లచెట్లపై నిదురించును. గ్రుడ్లు మాత్రము నేలమీదనే, పొదమాటున గీరిన చిన్న గుంటలో పెట్టును. ఉదయ సాయంకాలములయందు దీని కూత దూరమునకు వినవచ్చును.

కావున ఇది నీరు త్రాగు చోటును, మట్టిలో పొరలు చోటును, రాత్రి నిలుచు చెట్టును ఎఱిగినవానికి ఆ గుంపంతయు చేతిలో నున్నట్లే. పిట్టలు పట్టువారు మచ్చికైన కౌజును పంజరములో నుంచి, అట్టి చోట పెట్టి, చుట్టును ఉరులు ఒడ్డెడివారు. ఆ మచ్చికపిట్టనే దీమమందురు. దీమము కూయగానే ఆ బీడులోని మగకౌజు తన హద్దులోనికి పరుడు వచ్చెనని కోపించి, పోట్లాటకు పరుగెత్తి వచ్చి, ఉరిలో తగుల్కొనును. తన చోటిని కాపాడుకొనవలెనను పౌరుషమే దాని చేటునకు మూలమగుచున్నది.

ఇప్పుడు వేటగాని మౌనమునకు కారణము గోచరించును. ఆఱు పిట్టలున్న బీడులో ఒక్కడు రెండింటిని కొట్టి యూరకున్నచో, తక్కినవి మరుసటి యేడు పిల్లలతో కనబడవచ్చును. ఆ చోటి సంగతి సంతలో పడెనా, పదిమంది పది దినములలో వత్తురు. పిమ్మట అచ్చట కూత వినరాదు. ఒకచోట నిలకడగా నుండు పక్షి యగుటచే, పోయిన గుంపునకు బదులు మఱియొక గుంపు త్వరగా రాదు. చట్టము లేని దినములలో రహస్యమే చట్టమువలె కొంత పనిచేసెను. అయినను ఇందొక లోపము గలదు. వేటగాడు చోటిని దాచినది పక్షికొఱకు కాదు, తన పళ్లెముకొఱకు. మిగిల్చినవి రేపటి వేటకనియే మిగిల్చెను.

పరిశుద్ధ గ్రంథము చదువువారికి కౌజుపిట్ట పరిచితమే. సమూయేలు మొదటి గ్రంథము 26వ అధ్యాయములో, సౌలు తన్ను వెంటాడుచుండగా, దావీదు కొండలలో తఱుమబడు కౌజుతో తన్ను పోల్చుకొనెను. ఆ యధ్యాయపు మొదటి మాటలను మనము తఱచు మఱచిపోవుదుము. జీఫీయులు సౌలునొద్దకు పోయి దావీదు దాగిన కొండను తెలిపిరి. అందువలననే మూడువేలమంది అతనిపైకి బయలుదేరిరి. దాగినవాని ప్రాణము చోటెఱిగినవాని నోటిలో నుండుననుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమునందు, గూడు కనబడినప్పుడు పిల్లలతోకూడ తల్లిని పట్టరాదను విధియు గలదు. గూడు చూచినవానిపై నొక బాధ్యత యున్నదని దీని తాత్పర్యము.

మన దేశములో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. మొదట కొన్ని జాతుల వేటకు లైసెన్సు లియ్యబడుచుండెను. 1991లో జరిగిన సవరణతో ఆ లైసెన్సుల పద్ధతియు పోయెను. నేడు అడవిలోనో బీడులోనో కౌజును, పూరేడును, అడవికోడిని పట్టుట శిక్షార్హమైన నేరము. దొంగచాటుగా పట్టిన పిట్టను కొనువాడును ఆ నేరమునకు తోడ్పడినవాడే.

అట్లయిన వేటగాని యెఱుక ఇక వ్యర్థమా? కాదనుటకు కడప జిల్లాలోని కలివికోడి కథయే సాక్ష్యము. పేరున కోడియేగాని యిది కోడిజాతి పక్షి కాదు. పొదలనడుమ నేలపై పరుగెత్తుచు రాత్రివేళ సంచరించు చిన్న పక్షి. జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు కనుగొనిన దీనిని 1848లో శాస్త్రజ్ఞులు గ్రంథస్థము చేసిరి. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన తరువాత ఎనుబది యేండ్లకు పైగా జాడ లేకుండుటచే, అంతరించినదని పలువురు తలచిరి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు పల్లెలలో దీని బొమ్మను చూపుచు వెదకుచుండగా, 1986 జనవరిలో లంకమల కొండల ప్రాంతమునకు చెందిన పిట్టలు పట్టువాడొకడు, రాత్రివేళ టార్చిలైటు వెలుతురున, సజీవముగా నొకదానిని పట్టి తెచ్చెను. పండితులు పోయినదనుకొన్న పక్షిని అతడు తన పొదలలో ఎఱిగియే యుండెను. చేజిక్కిన ఆ పక్షి బ్రదుకలేదు. అయినను అతని యెఱుకవలన దాని నివాసము లోకమునకు తెలిసి, 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను.

పిమ్మట 2005లో తెలుగుగంగ కాలువకై యంత్రములు ఆ ప్రాంతపు పొదలను త్రవ్వసాగెను. పక్షి యెచ్చట తిరుగునో పరిశోధకులు ముందే గుర్తించియుండిరి గనుక అధికారులకు తెలుపగలిగిరి, కాలువదారి మార్చబడెను. ఆ చోటు ఎవరికిని తెలియకయే యున్నచో, పనికిరాని ముండ్లపొదలని త్రవ్వివేసియుందురు. కాబట్టి చోటు దాచుట యెల్లప్పుడును మేలుకాదు. చాటుట యెల్లప్పుడును మేలుకాదు. పట్టుకొనిపోవువానికి దాచవలెను, కాపాడువానికి చెప్పవలెను. వేటగాని రహస్యమునకును రక్షకుని రహస్యమునకును గల భేద మిదియే.

విద్యార్థులారా, ఈ వివేకము పూర్వముకంటె నేడు మీకు మిక్కిలి యవసరము. పూర్వము చోటు తెలియవలెనన్న నొకరు నోరు విప్పవలసియుండెను. నేడు మీ యింటి సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రములోనే ఆ చోటి గుఱుతులు చేరియుండవచ్చును. దానిని పంపిన క్షణముననే ఊరూరికిని పోవును. పక్షుల లెక్కలు సేకరించు ఈబర్డ్ వంటి పట్టికలు కూడ అపాయస్థితిలోనున్న కొన్ని జాతుల చోటులను అందఱికి చూపక మఱుగుపఱచుచున్నవి. మీరును అట్లే చేయుడు. సెలవులలో పొలమునకు పోయినప్పుడు కౌజు గూడు కనబడినచో చేయి పెట్టకుడు. చుట్టును గడ్డి త్రొక్కకుడు, ఆ త్రోవనే కుక్కయు ముంగిసయు పోగలవు. దూరమునుండి చూచి, తేదీని, సంఖ్యను మీ పుస్తకములో వ్రాసికొనుడు. ఉరులుగాని వలలుగాని కనబడినచో మీ తండ్రిగారికిని, ఉపాధ్యాయునకును చెప్పి, వారిద్వారా అటవీశాఖవారికి తెలుపుడు. పొలము దున్నించు తలిదండ్రులును గట్టుమీది నాలుగు పొదలను నఱికింపక విడిచినచో, ఆ గుంపునకు ఇల్లు నిలుచును.

దేవుడు మనకు కన్నులిచ్చినది చూచుటకు, నోరిచ్చినది పలుకుటకు. ఏది యెవరితో పలుకవలెనో తెలిసికొనుటకు బుద్ధి నిచ్చెను. రేపటి యుదయమున మీ యూరి బీడులో కౌజుకూత వినబడినచో సంతోషింపుడు. ఎచ్చటనని దారినపోవువాడు అడిగినచో, ఆ వేటకాండ్రవలెనే మాట మార్చుడు.