విమానం ఉద్యోగం... నేల మీద సంసారం!

తెల్ల సూటు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో బ్రీఫ్‌కేసు... విమానం మెట్ల మీంచి హీరో దర్జాగా దిగుతుంటాడు. కింద తల్లీ, చెల్లెలూ పూలదండతో ఎదురుచూస్తుంటారు. ఇలాంటి సీను మన తెలుగు సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో లెక్క ఉందా? హాల్లో కూర్చున్న కుర్రాడికి అప్పుడు రెండే కోరికలు పుట్టేవి. ఒకటి, అలాంటి సూటు కుట్టించుకోవాలి. రెండు, అలాంటి విమానం ఎక్కాలి!

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్‌కి మారిపోయాయి. మెట్లు పోయి, గాజు సొరంగాలు వచ్చాయి. కానీ ఆ కోరిక మాత్రం మారలేదండోయ్! పైగా పెరిగింది. ఎక్కడంతో సరిపెట్టుకోవడం లేదు మన కుర్రకారు. అందులోనే ఉద్యోగం చెయ్యాలంటున్నారు. ఎమిరేట్స్ లాంటి సంస్థ ఎయిర్‌హోస్టెస్‌లని తీసుకునేటప్పుడు 21 ఏళ్ళు నిండాలనీ, 160 సెంటీమీటర్ల ఎత్తుండాలనీ, మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాస్తే 212 సెంటీమీటర్లు అందాలనీ చెబుతుంది. ఆ లెక్క మన అమ్మాయిలకి కంఠతా వచ్చు!

బాగానే ఉంది. మరి ఉద్యోగం వచ్చాక? పెళ్ళాం, పిల్లలు, బడి, అద్దె, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు... వీళ్ళ సంగతి? సినిమా అక్కడిదాకా రాదు. హీరో దిగగానే పాట మొదలైపోతుంది!

ఆ పాట తర్వాతి కథ నేను దగ్గరుండి చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

తారలని చూద్దామని వెళితే...

2023 సెప్టెంబరు 15, 16 తేదీల్లో దుబాయ్ వరల్డ్ ట్రేడ్ సెంటర్లో సైమా అవార్డుల పండగ జరిగింది. ‘ఆర్ ఆర్ ఆర్’కి ఎన్టీఆర్ ఉత్తమ నటుడిగా అవార్డు అందుకున్నది అక్కడే. నాలుగు ముక్కలు రాసుకుందామని నేనూ వెళ్ళాను. హోటలు ఖర్చు భరించే పత్రిక దొరకలేదు గనక అల్ కుసైస్‌లో ఉన్న మా అక్క ఇంట్లో దిగాను. రెండు రోజులు తారలని చూశాను. నాలుగు రోజులు అక్కని చూశాను. నిజం చెప్పాలంటే, రాయాల్సింది అక్క గురించే అనిపించింది.

మా బావ విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు. విమానం ఎగరడానికి తయారుగా ఉందని సంతకం పెట్టగల లైసెన్సు ఉన్నవాడు. శంషాబాద్‌లో మరమ్మతు హ్యాంగర్లో పనిచేస్తూ 2017 జనవరిలో గల్ఫ్ ఎయిర్‌లైన్సు ఉద్యోగానికి వెళ్ళాడు. అప్పటికి అక్క హైదరాబాద్‌లో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. అమ్మాయికి ఐదేళ్ళు, బాబుకి రెండు.

“ఆయన వెళ్ళిన రోజు ఊరంతా స్వీట్లు తిన్నార్రా. తిప్పలు మాత్రం ఆ మర్నాటి నుంచి నేను తిన్నాను” అంది అక్క నవ్వుతూ.

పెళ్ళయిందని ఎవరు చెప్పాలి?

మొదటి తిప్ప పెళ్ళి సర్టిఫికెట్టు! అన్నవరంలో అంత ఘనంగా పెళ్ళి చేసుకున్నారా... ఆల్బం ఉంది, క్యాసెట్టు ఉంది, శుభలేఖ ఉంది. రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. ఆ కాగితం లేకపోతే భార్య భార్య కాదు, వీసా దగ్గర! పరుగున సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి రిజిస్టరు చేయించారు. తరవాత దాని మీద రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, యుఎఇ ఎంబసీ ముద్ర, అక్కడికి వెళ్ళాక వాళ్ళ విదేశాంగ శాఖ ముద్ర. దీన్నే అటెస్టేషన్ అంటారు. డిగ్రీ సర్టిఫికెట్టుకీ ఇదే యాత్ర. ఇంతా అయ్యాక తెలిసింది, అక్క పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పెళ్ళి కాగితంలో మెట్టినింటి ఇంటిపేరు! మళ్ళీ మొదటికి.

అక్కడ చట్టం సూటిగా ఉంటుంది. ముందు ఉద్యోగికి వీసా. తరవాత ఆ ఉద్యోగి తన జీతం చూపించి భార్యాపిల్లలని తెచ్చుకోవాలి. నెలకి 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలన్నది లెక్క. అంటే అక్క వీసా బావ వీసాకి వేలాడుతుంటుంది. బావ వీసా ఉద్యోగానికి వేలాడుతుంటుంది. ఈ గొలుసుని గుర్తుపెట్టుకోండి. కథంతా దీనిమీదే నడుస్తుంది.

చెక్కులిచ్చి అద్దెకి దిగడం

మనవైపు నెలకింత అని అద్దె కడతాం. దుబాయ్‌లో ఏడాదికి ఒకటే మాట. ముందు తేదీలు వేసిన చెక్కులు... రెండో, నాలుగో... ఇంటివాళ్ళ చేతిలో పెట్టాలి. అడ్వాన్సు వేరు, బ్రోకరు కమీషను వేరు. ఆ ఒప్పందాన్ని ఎజారీ అనే ప్రభుత్వ లెక్కలో నమోదు చేయించాలి. అప్పుడే కరెంటూ, నీళ్ళూ.

ఇన్‌కమ్ టాక్సు లేదని ఇక్కడ మనం లొట్టలేస్తాం. జీతం మీద పన్ను లేని మాట నిజమే. కానీ పిల్లల బడి ఫీజు, అద్దె కలిపితే సగం జీతం కళ్ళముందే ఆవిరి. భారతీయుల కోసం సీబీఎస్‌ఈ బళ్ళు చాలానే ఉన్నాయి. మనలాగే ఏప్రిల్లో మొదలవుతాయి. అందుకే అక్క కూడా మార్చి నెలాఖరుకల్లా పిల్లలతో చేరిపోయింది. బళ్ళో అరబ్బీ తప్పనిసరి. హిందీ ఉంది. తెలుగు లేదు. మా మేనకోడలు తెలుగు సినిమాలు వదలకుండా చూస్తుంది. కానీ కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ! అమ్మమ్మ పుట్టినరోజు కార్డు మీద రాసి పంపిన నాలుగు వాక్యాలనీ అక్కే చదివి వినిపించాలి.

నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు

బావ డ్యూటీ పన్నెండు గంటలు. కొన్నాళ్ళు పగలు, కొన్నాళ్ళు రాత్రి. నేనున్న నాలుగు రోజుల్లో ముగ్గురం కలిసి భోంచేసింది ఒక్కపూట. ఆయన నిద్రపోతుంటే పిల్లలు గుసగుసగా పోట్లాడుకుంటారు! ఆ విద్య నేనెక్కడా చూడలేదు.

“మీ బావ విమానాన్ని చూసుకుంటారు. మిగతాదంతా నేను” అంది అక్క. జ్వరాలు, బస్సు మిస్సవడాలు, బ్యాంకు, వీసా రెన్యువలు, రెండేళ్ళకోసారి రక్తపరీక్షలు... అన్నీ అక్కే. మరి అక్క ఉద్యోగం? బళ్ళల్లో అడిగింది. బి.ఇడి. ఉండాలన్నారు. ఆమెకున్నది ఎమ్మెస్సీ. పాఠం చెప్పడం పదేళ్ళుగా వచ్చు. చెప్పొచ్చని కాగితం లేదు.

ఒక రాత్రి... రెండు విమానాలు

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాయమని అక్కే అంది.

విమాన ఉద్యోగుల కుటుంబానికి టికెట్లు చవక అని అందరూ అసూయపడతారు. నిజమే, చవకే. కానీ అందులో ఒక రకం స్టాండ్‌బై. అంటే డబ్బు పూర్తిగా పెట్టిన ప్రయాణికులందరూ ఎక్కాక సీటు మిగిలితేనే మీకు. లేకపోతే పెట్టె ఈడ్చుకుంటూ ఇంటికి.

2019 మే నెలలో తెనాలిలో మా నాన్నగారు పోయారు. రాత్రి పదకొండింటికి నేనే ఫోను చేశాను. వేసవి సెలవులు, విమానాలన్నీ కిటకిట. కంగారులో ఉన్న చవక టికెట్టుతోనే ఎయిర్‌పోర్టుకి పరిగెత్తారు. మొదటి విమానంలో సీటు లేదు. రెండోదాంట్లోనూ లేదు. తెల్లారాక నాలుగింతలు పోసి బొంబాయి మీదుగా టికెట్టు కొన్నారు. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కి నాలుగు గంటల లోపు ప్రయాణం అంటాం. ఆ రోజు అక్కకి అది ఇరవై గంటలయింది. ఇంటికి చేరేసరికి వాకిట్లో నీళ్ళు చల్లి ఉన్నాయి.

ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. నియమం అది. కానీ ఆ రాత్రి నుంచి అక్క ఒక డబ్బాలో నెలనెలా కొంత డబ్బు దాచడం మొదలుపెట్టింది. దానిమీద ఒకే మాట రాసి ఉంటుంది: ‘టికెట్టు’.

గొలుసు ఊగిన ఏడాది

2020 మార్చి 25 నుంచి యుఎఇలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఎగరని విమానానికి మరమ్మతు ఎందుకు? ప్రపంచమంతటా ఎయిర్‌లైన్సుల్లో వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. బావకి జీతం కోత పడింది. ఇంటివాళ్ళ దగ్గరున్న చెక్కులకి మాత్రం కోత లేదుగా! మే 7న వందే భారత్ మిషన్ మొదలై, తొలి విమానాలు అబుదాబీ నుంచి, దుబాయ్ నుంచి కేరళకి వెళ్ళాయి. పక్కింటి కుటుంబం అలాగే సామాను వదిలేసి వెళ్ళిపోయింది.

“వెళ్ళిపోదామా?” అని బావ అడిగాడట. “ఉద్యోగం పోతే అందరం వెళదాం. పోకముందే నేనెందుకు వెళ్ళాలి?” అందట అక్క. అపార్టుమెంటులో పిల్లలకి ట్యూషను చెప్పమని ముగ్గురు తల్లులు వచ్చారు. డబ్బు అవసరం ఉంది. కానీ పర్మిట్ లేకుండా ప్రైవేటు చెప్పడం అక్కడ నేరం. పట్టుబడితే బావ ఉద్యోగం దాకా వస్తుంది. అందుకని కాదంది. ఫిజిక్సు పుస్తకాలని మళ్ళీ అటక మీద పెట్టేసింది. ఉద్యోగం నిలబడింది. ఆరునెల్లు ఎలా గడిపారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పరు.

ఇంకో దుబాయ్

ఇదంతా చదివి ‘అయ్యో’ అనుకునే ముందు ఇంకో సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కి వెళ్ళే మన కూలీలలో చాలామంది జీతం ఆ 4,000 గీత దగ్గరికే రాదు. వాళ్ళకి కుటుంబం అంటే ఫోనులో కనిపించే బొమ్మ. రెండేళ్ళకోసారి ఊరు. మరోవైపు 2023 జనవరిలో అల్లు అర్జున్‌కి పదేళ్ళ గోల్డెన్ వీసా వచ్చింది, పత్రికలన్నీ రాశాయి. ఆ చివర కూలీ, ఈ చివర తార. మధ్యలో మా బావలాంటివాళ్ళు... భార్యాపిల్లలు పక్కనే ఉన్నా, రెండేళ్ళ వీసా మీద కాలు పెట్టి నిలబడ్డవాళ్ళు. అక్కడ పింఛను లేదు. ఏడాదికిన్ని రోజుల జీతం చొప్పున చివర్లో చేతికిచ్చే గ్రాట్యుటీయే దిక్కు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

ఎయిర్‌లైన్సు ఉద్యోగానికి వెళ్ళే తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ మా అక్క చెప్పమన్న మాటలివి. పెళ్ళిని రిజిస్టరు చేయించండి, పాస్‌పోర్టుల్లో పేర్లు సరిచూసుకోండి. ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగమైతే మొదట్లో ఇచ్చేది తోటివాళ్ళతో పంచుకునే కంపెనీ వసతి, సంసారానికి కాదు. జీతం ఎంతని కాదు, అద్దె, బడి ఫీజు పోగా ఎంతని అడగండి. ఆరునెల్ల ఖర్చు బ్యాంకులో పడ్డాకే పిల్లలని తీసుకెళ్ళండి. అన్నిటికంటే ముఖ్యం, ఉద్యోగం మానుకుని వెంట వచ్చే మనిషి అక్కడ ఏం చేస్తుందో విమానం ఎక్కకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. కొత్త ఊళ్ళో ఇల్లు నిలబెట్టేది ఆ మనిషే మరి!

సంక్రాంతికి...

నేను తిరిగొచ్చిన మూడు నెలలకి, 2023 డిసెంబరులో, ఒక వార్త వచ్చింది. ప్రైవేటుగా పాఠాలు చెప్పుకునేవాళ్ళకి యుఎఇ ప్రభుత్వం పర్మిట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఉద్యోగం లేనివాళ్ళూ అర్జీ పెట్టుకోవచ్చు. రుసుము లేదు. రెండేళ్ళ గడువు. అక్క మొదటి వారంలోనే అర్జీ పెట్టింది. కాగితం వచ్చింది. అటక మీంచి ఫిజిక్సు పుస్తకాలు దిగాయి. ముగ్గురు పిల్లలతో మొదలై, ఏడాది తిరిగేసరికి తొమ్మిదిమంది.

2025 జనవరిలో ఒక రాత్రి ఫోను. “ఒరేయ్, సంక్రాంతికి వస్తున్నాం!” అంది. వెంకటేష్ కొత్త సినిమా పేరు చెబుతోందేమో అనుకుని “టికెట్లు దొరకడం కష్టమే అక్కా” అన్నాను. “సినిమాకి కాదురా! నిజంగానే వస్తున్నాం. నా డబ్బుతో కొన్నాను. స్టాండ్‌బై కాదు... కన్ఫర్మ్!”

బడికి సెలవు చీటీ రాసి పిల్లలతో దిగింది. బావకి ఆ వారం నైట్ డ్యూటీ, రాలేకపోయాడు. తెనాలి స్టేషన్ దగ్గర రిక్షా ఆగగానే మా మేనకోడలు గోడమీద పోస్టరు చూసి వేలితో ఒక్కొక్క అక్షరం పట్టుకుంది. “సం... క్రాం... తి... కి...”

“ఎవరు నేర్పారే?” అన్నాను.

“అమ్మ... శనివారం శనివారం” అంది.

అరుగు మీద కూర్చున్న మా అమ్మ ఆ సాయంత్రం తన పాత కార్డు తెప్పించి, దాని మీద ఉన్న నాలుగు వాక్యాలనీ మనవరాలి చేత చదివించుకుంది. రెండుసార్లు!