అలుగు లేని చెరువు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కరెంటు సామాను జోలి ఎందుకని మీరడగవచ్చు. జోలి నాది కాదు, మా అక్క కొడుకుది. కడపలో మా యింట్లో ఉండి ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నాడు.

మొన్న రాత్రి వాడి గదిలోంచి కమురు వాసన వచ్చింది. వెళ్లి చూద్దును గదా, బల్లమీద మాడిన చిప్పు, దాని ముందు మాడిన ముఖం!

"రెండోది పోయింది మామా! ఎల్లుండే కాలేజీలో చూపించాలి. ఇక మిగిలింది ఒక్కటే."

సంగతేమంటే, ఆ చిప్పుకు కావలసింది 5 వోల్టులు. ఉన్నవి 12. తగ్గించడానికి ఎల్.ఎం. 317 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు పెట్టాడు. అది అవుట్‌పుట్ కాలికీ, సర్దుబాటు కాలికీ నడుమ ఎప్పుడూ 1.25 వోల్టులు నిలుపుతుంది. ఆ రెండు కాళ్ల మధ్య 240 ఓముల రెసిస్టరు. సర్దుబాటు కాలినుంచి గ్రౌండుకు, తిప్పితే మారే ప్రీసెట్టు. కింది ఓములు పెరిగినకొద్దీ వోల్టులు పెరుగుతాయి. పాత రేడియో చెవి తిప్పితే గరగరలాడేది చూశారా? లోపలి ముల్లు సరిగా ఆనక. ఇక్కడా ముల్లు క్షణం లేచింది. పది వోల్టులదాకా చిప్పుమీద పడ్డాయి.

నాకు మా జిల్లా పోరుమామిళ్ల చెరువు గుర్తొచ్చింది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించినది. 1369 నాటి దాని శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పి ఊరుకోలేదు, ఆరు దోషాలూ లెక్కపెట్టారు. చోటు కొంచెం, నీరు ఎక్కువ కావడం అందులో ఒకటి.

"నీరెక్కువైతే కట్ట తెగకుండా అలుగు పారుతుంది. నీ చెరువుకు అలుగేదిరా?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అమరికంతా తిరగేశాడు. కింద మారని 720 ఓములు, అంటే మూడు 240లు వరుసగా. పైన మారని 220, దానితో 50 ఓముల ప్రీసెట్టు, ముల్లును చివరి కాలికి కలిపి. ఇప్పుడు ఎటు తిప్పినా 4.58కి తగ్గదు, 5.34కు మించదు. ముల్లు లేచినా తక్కువ వైపే పోతుంది. పై తీగ పూర్తిగా తెగితే ఇంచుమించు 1.3, చిప్పు నిద్రపోతుందే గాని చావదు. రెగ్యులేటరుకు కొంత బరువుంటేనే అదుపు గనుక అవుట్‌పుట్‌కు వంద ఓముల రెసిస్టరు శాశ్వతంగా తగిలించాడు.

చిప్పు పెట్టకముందే, "ఆ తీగ పీకు మామా," అన్నాడు. పీకాను. మీటరు 1.3 చూపించింది.

తీగ మళ్లీ అతికి, మూడో చిప్పు పెట్టి, ప్రీసెట్టు నన్నే తిప్పమన్నాడు. నా చెయ్యి వణికింది. వాడు మాత్రం నింపాదిగా కాఫీ తాగుతున్నాడు.