రెండు ఫోన్లు, ఒక తీగ: పెత్తనం ఎవరిది?

"మేడమ్, పాత ఫోన్‌కీ కొత్త ఫోన్‌కీ మధ్య టైప్-సి కేబుల్ పెడితే ఏది దేనికి చార్జింగ్ ఇస్తుంది?" ఇంటర్ రెండో ఏడాది ప్రవాహ విద్యుత్తు పాఠం నడుస్తుండగా వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. రెండింట్లోనూ బ్యాటరీ ఉంది. కేబుల్ రెండు కొసలూ ఒకే ఆకారం. ఇది పెద్ద, ఇది చిన్న అని చెప్పే గుర్తు ఎక్కడా లేదు. కొత్త ఫోన్ కొన్నవాళ్లు డేటా ఎలా మార్చాలనే అడుగుతారు గానీ, దీన్ని అడగరు. ఇది తేలితే డేటా సంగతి సగం తేలినట్టే అని నా నమ్మకం.

యూఎస్‌బీ పుట్టుకలోనే సమానత్వం లేదు. 1996లో తొలి ప్రమాణం వచ్చినప్పుడు, ఇంటెల్‌లో దానికి రూపమిచ్చిన అజయ్ భట్ (వడోదరలో చదువుకున్న ఇంజనీరు), ఆయన సహచరులు తెలివంతా కంప్యూటర్ వైపే పెట్టారు. మౌస్, కీబోర్డు చౌకగా తయారవ్వాలంటే అవి అడిగినప్పుడే పలకాలి. మౌస్ కదిలినా తనంతట తాను కబురు పంపదు. "ఏమైనా ఉందా?" అని కంప్యూటరే మామూలు మౌస్‌ని సెకనుకు 125 సార్లు అడుగుతుంది. పాత కేబుల్ కొసలు వేర్వేరుగా ఉండేది అందుకే: వెడల్పుది అడిగేవాడికి, చిన్నది పలికేవాడికి. ఫోనుది ఎప్పుడూ పలికే స్థానమే. అలాంటి రెండింటిని కలిపితే ఎదుటిది అడుగుతుందని రెండూ ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

ఓటీజీ కేబుల్ దీనికి తొలి విరుగుడు. చిన్న సాకెట్లోని అదనపు పిన్నును ఆ కేబుల్ గ్రౌండ్‌కి కలిపితే, ఫోన్ "ఇక అడగాల్సింది నేనే" అని గ్రహించేది. కానీ అప్పుడూ హోదాను నిర్ణయించేది కేబులే. 2014లో టైప్-సి రెండు కొసలనూ ఒక్కలా చేసి ఆ ఆధారాన్నీ తీసేసింది.

నేను ముచ్చటపడేది ఆ తర్వాత టైప్-సి రూపకర్తలు చేసిన పనికి. టైప్-సి సాకెట్లోని 24 పిన్నుల్లో సీసీ1, సీసీ2 అని రెండుంటాయి. కేబుల్లో మాత్రం వాటి కోసం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లే తీగ ఒక్కటే. కరెంటు ఇవ్వదలచిన పరికరం ఆ తీగను ఒక నిరోధకం ద్వారా 5 వోల్టుల వైపు పైకి లాగుతుంది. తీసుకోదలచినది 5.1 కిలో ఓమ్‌ల నిరోధకం ద్వారా గ్రౌండ్ వైపు కిందికి లాగుతుంది. రెండూ కలిసినచోట ఒక మధ్యస్థ వోల్టేజి నిలుస్తుంది. ఆరోజు బోర్డు మీదున్న లెక్కే ఇది! పైన 56 కిలో ఓమ్‌లుంటే తీగ మీద దాదాపు 0.4 వోల్టు వస్తుంది. మామూలు యూఎస్‌బీ కరెంటు మాత్రమే ఇస్తానని దానర్థం. 22 ఉంటే దాదాపు 0.9 వోల్టు, 1.5 ఆంపియర్లు ఇస్తానని. 10 ఉంటే 1.7 వోల్టు, 3 ఆంపియర్లు ఇస్తానని. చిప్పుల మధ్య ఒక్క సందేశం కూడా నడవకముందే, ఒట్టి ఓమ్ సూత్రంతో ఇంత బేరం తెగిపోతుంది. పైగా ఆ వోల్టేజి సీసీ1 మీద కనబడిందా, సీసీ2 మీదా అన్నదాన్నిబట్టి కేబుల్ ఎటు తిప్పి పెట్టామో కూడా తెలిసిపోతుంది. ఈ కలయిక జరిగేదాకా సరఫరా పిన్నుల్లోకి 5 వోల్టులు రానే రావు.

మరి ఫోన్ సంగతి? అది ఇవ్వనూగలదు, తీసుకోనూగలదు. కాబట్టి అది కాసేపు పైకి, కాసేపు కిందికి లాగుతూ ఉంటుంది. ఒక్కో ఆవృత్తి 50 నుంచి 100 మిల్లీసెకన్లు. ఎదుటి ఫోనూ అదే చేస్తుంది. రెండూ పైకి లాగితే ఫలితం లేదు, రెండూ కిందికి లాగినా లేదు. పిల్లలు పంటలు వేసేటప్పుడు తేడా పడేదాకా అరచేతులు తిప్పుతూనే ఉంటారే, అచ్చం అలాగే. రెండు ఫోన్ల గడియారాలు ఒకే లయలో నడవవు గనక, చప్పున ఏదో ఒక క్షణంలో ఒకటి పైకి, ఒకటి కిందికి లాగుతూ దొరుకుతాయి. ఆ క్షణాన పైకి లాగుతున్నదే కరెంటు ఇచ్చేది, డేటా అడిగేది కూడా.

కాబట్టి ఆ వెనక బెంచీ ప్రశ్నకు జవాబు: ముందుగా చెప్పలేం, అది ఆ క్షణపు తీర్పు. అదే శాశ్వతమూ కాదు. కలిశాక అదే సీసీ తీగ మీద సందేశాలు పంపుకొని పాత్రలు మార్చుకోవచ్చు. కరెంటు పెత్తనాన్నీ డేటా పెత్తనాన్నీ విడివిడిగా మార్చుకోవచ్చు. దేన్ని చార్జ్ చేయాలని కొన్ని ఫోన్ల తెర మీద కనబడే ఎంపిక వెనక ఉన్నది ఈ మార్పిడే.

గాలిలోనూ పెద్దరికం తేలాల్సిందే. వైఫై డైరెక్ట్‌లో ప్రతి పరికరమూ గుంపుకు పెద్దగా ఉండాలన్న తన కోరికను 0 నుంచి 15 దాకా ఒక అంకెతో చెబుతుంది. ఎక్కువ చెప్పింది పెద్ద. సమానమైతే తేల్చడానికి ఒక బిట్ ఉంది. ఒకప్పుడు మన కుర్రాళ్లంతా సినిమాలు పంచుకున్న షేరిట్ (2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌లలో ఒకటి) ఒక ఫోన్‌ని హాట్‌స్పాట్‌గా మార్చి రెండోదాన్ని దానికి తగిలించేది. ఇంటర్నెట్ అక్కర్లేదని అర్థమయ్యాక జనం డేటా ప్యాక్ భయం వదిలేశారు.

ఇక వేగం. పాత ఫోన్‌లో 100 జీబీ ఉందనుకుందాం. సెకనుకు 2 మెగాబిట్లు పంపే బ్లూటూత్‌కి నాలుగున్నర రోజులకు పైనే పడుతుంది. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న ఇంట్లో క్లౌడ్‌కి ఎక్కించడానికే 11 గంటలు, దించుకోవడం వేరే. సెకనుకు 35 మెగాబైట్లు పంపే యూఎస్‌బీ 2.0 తీగకు 50 నిమిషాల లోపే. మంచి వైఫై దీన్ని ఓడించగలదు కూడా, ఎందుకంటే టైప్-సి అనేది ఆకారమే తప్ప వేగం కాదు. 2023 నాటి ఐఫోన్ 15 సాధారణ మోడల్ పోర్టు యూఎస్‌బీ 2 వేగానిదే. అదే ఏడాది ప్రో మోడల్ సెకనుకు 10 గిగాబిట్లు అందుకుంటుంది, కానీ పెట్టెలో ఇచ్చిన కేబుల్ 2.0ది. చార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి వేగపు తీగల జతలే ఉండవు. అయినా 20 జీబీ దాటితే నేను కేబులే ఎంచుకుంటాను. పక్కింటి రౌటర్లతో దానికి పోటీ లేదు, మధ్యలో తెగదు. కొత్త ఫోన్ తొలి సెటప్ తెర దగ్గరే కేబుల్ పెట్టాలి. ఫొటోలు తర్వాత ఎప్పుడైనా వస్తాయి, యాప్‌ల లోపలి అమరికలు రావడానికి అనువైన వేళ అది.

వాట్సాప్ కబుర్లకు వేరే దారి. 2023 నుంచి క్యూఆర్ కోడ్ చూపించి ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి నేరుగా పంపుకోవచ్చు. యూపీఐ మాత్రం ఏ తీగలోనూ ప్రయాణించదు. అది సిమ్‌కీ ఆ పరికరానికీ కలిపి ముడిపడి ఉంటుంది గనక, సిమ్‌ను కొత్త ఫోన్‌లో వేసి, ఎస్సెమ్మెస్ వెళ్లనిచ్చి, మళ్లీ నమోదు చేసుకోవాలి. అది పూర్తయి, కొత్త ఫోన్ నుంచి ఎవరికైనా ఒక రూపాయి పంపి చూశాకే పాత ఫోన్‌ని చెరిపేయండి.