మీకు తెలుసా? కోడిపిల్ల ఈకలు మార్చుకునే తీరు

తిరునాళ్లలో గులాబీ, ఆకుపచ్చ రంగులు అద్దిన కోడిపిల్లలు కనిపిస్తే పిల్లలు కొనేదాకా ఊరుకోరు. ఇంటికి తెచ్చిన రెండు మూడు వారాలకు రంగు పోయి, ఒళ్లంతా అక్కడో ఈక ఇక్కడో ఈకగా తయారై, చూసినవాళ్లకు జబ్బు చేసిందేమోనన్న దిగులు పుడుతుంది. చాలాసార్లు అది జబ్బు కాదు, ఎదుగుదల.

రంగు ఎటు పోయింది? గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంటినిండా ఉండేది నూగు. రంగు పట్టేది దానికే. అసలు ఈక కూడా ఆ నూగు మొలిచిన కుదుట్లోంచే పుట్టి, దాన్ని పైకి నెట్టుకుంటూ వస్తుంది. దగ్గరగా చూడండి, కొత్త ఈక కొసన నూగు పోచ ఇంకా వేలాడుతూ ఉంటుంది. నాలుగు రోజుల్లో అది ఊడిపోతుంది, రంగూ దాంతోనే పోతుంది.

ముందు రెక్కలు, చివర తల. మొదటి వారంలోనే రెక్కల ఈకలు బయటపడతాయి. తర్వాత తోక, భుజాలు, వీపు, రొమ్ము. తలా మెడా అన్నిటికన్నా వెనక. ఒంటినిండా ఈకలు రావడానికి సుమారు 5, 6 వారాలు పడుతుంది.

వచ్చినవి మళ్లీ రాలతాయి. పూర్తిగా పెరిగిన ఈక ఇక పొడవు సాగదు. నిరుడు కుట్టించిన చొక్కా ఎదిగే పిల్లాడికి ఈ ఏడు పట్టనట్టే, చిన్న ఈకలు పెద్దదవుతున్న ఒంటికి చాలవు. అందుకే గుడ్లకు వచ్చేలోగా కోడి మరికొన్ని విడతల్లో కొద్దికొద్దిగా ఈకలు మార్చుకుంటుంది. గుడ్లు పెట్టే కోడి కూడా దాదాపు ఏడాదిన్నర వయసులో ఈకలు రాల్చి, ఆ రోజుల్లో గుడ్లు తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది.

ముట్టుకుంటే ఎందుకు అరుస్తుంది? మొలిచే ఈక సన్నని పుల్లలా, పైన తొడుగుతో ఉంటుంది. లోపల రక్తం పారుతుంది. నొక్కితే నొప్పి, విరిగితే రక్తం. ఈక ఎదిగాక రక్తం ఆగిపోతుంది, తొడుగు పొట్టులా రాలుతుంది. బుట్ట అడుగున కనిపించే తెల్లటి పొడిలో చాలావరకు అదే. ఆ కొన్నాళ్లు పిల్లల్ని పదే పదే ఎత్తుకోకుండా ఉంటే మేలు.

పుంజో, పెట్టో ఈకే చెబుతుంది. సుమారు మూడు నెలలకు పుంజు మెడ మీద, నడుము మీద సన్నగా, మొన తేలి, నిగనిగలాడే ఈకలు దిగుతాయి. పెట్టకు అవే గుండ్రటి కొసలతో వస్తాయి. గోదావరి జిల్లాల్లో పుంజుల్ని డేగ, కాకి, నెమలి అని పిలిచేది ఈకల రంగును బట్టి. నూగు చూసి ఆ రంగును కచ్చితంగా చెప్పడం కష్టం.

వెచ్చదనం ఎంత? నూగు ఒక్కటే ఉన్న పిల్ల ఒంటి వేడిని నిలుపుకోలేదు. తల్లి రెక్కల కింద లేకపోతే తొలివారం 32 నుంచి 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించుకుంటూ రావచ్చు. పిల్లలన్నీ బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువైనట్టు. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని తొలి వారాలు నర్సరీలో పెంచాకే పెరట్లోకి వదలమనడానికి ఇదీ ఒక కారణం.

నూకలు చాలవు. ఈకలో అధికభాగం కెరటిన్ అనే ప్రొటీనే. బియ్యపు నూకల్లో ప్రొటీన్ 7, 8 శాతానికి మించదు. పిల్లల మేతలో సుమారు 20 శాతం ఉండాలి. అంగళ్లలో దొరికే పిల్లల దాణా పెట్టండి. చెదపురుగులు దొరికితే అవీ మంచి బలం.

ఎప్పుడు కంగారు పడాలి? ఈకలు రాలినచోట కొత్త మొలకలు కనిపిస్తూ, పిల్ల హుషారుగా మేస్తుంటే భయం లేదు. చర్మం బోడిగానే ఉండిపోయినా, రక్తం కనిపించినా, తోక కింద పేలు పాకుతున్నా, పిల్ల ముడుచుకుని తూగుతున్నా పశువైద్యుడికి చూపించాలి. రక్తం కనపడితే మిగతా పిల్లలు అక్కడే పొడుస్తాయి కాబట్టి గాయపడ్డదాన్ని వెంటనే వేరు చేయండి. బుట్ట ఇరుకైతే పొడుచుకోవడం ఇంకా పెరుగుతుంది. పిల్లలు ఎదిగేకొద్దీ చోటూ పెంచండి.