రేడియోలో గరగర, సూర్యుడి కబురు

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంత సంఘాల్లో యాభై దాటిన విశ్వాసులకు ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక వాకిట్లో నులకమంచం, దాని మీద తోలు తొడుగు వేసిన ట్రాన్సిస్టర్. సీషెల్స్ దీవుల్లోని ఫెబా రేడియో కేంద్రం 2003 వరకు షార్ట్‌వేవ్‌లో సువార్త ప్రసారాలు చేసేది. సముద్రం దాటి వచ్చే ఆ వర్తమానం కోసం ఇరుగుపొరుగు కూడా మా మంచం చుట్టూ చేరేవారు. సరిగ్గా మంచి పట్టులో ఉండగా గరగర మొదలయ్యేది. మా తాతగారు బ్యాటరీలు తీసి, పంచెతో తుడిచి, మళ్లీ వేసేవారు. అప్పటికీ తగ్గకపోతే ‘సాతాను పని’ అని పక్కన పెట్టేవారు.

నల్లమల మీద మెరుపులుంటే గరగర ఎందుకో తెలుసు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి కూడా ఎందుకు? షార్ట్‌వేవ్ తరంగాలు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న విద్యుదావేశపు పొరను తాకి కిందికి తిరిగి వస్తాయి. సూర్యుడి మీద తుఫాను రేగితే ఆ పొర చెదిరిపోతుంది. పాపం, తాతగారు కొన్నిసార్లు నింద వేయవలసింది సూర్యుడి మీద!

ఈ గరగరను విసుక్కోకుండా చెవి ఒగ్గి విన్న మనిషి కార్ల్ జాన్‌స్కీ. అమెరికాలో టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి. రేడియో ఫోన్లలో రొద ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం ఆయన పని. కారు చక్రాల మీద గుండ్రంగా తిరిగే పెద్ద యాంటెన్నా కట్టుకుని నెలల తరబడి విన్నాడు. ఉరుముల చప్పుడు పోగా ఒక సన్నని బుసబుస మిగిలింది. అది రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తోంది. నక్షత్రాలూ అంతే, రోజూ నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. అంటే ఆ ధ్వని భూమిది కాదు, పాలపుంతది. 1933లో ఆయన ఆ సంగతి ప్రకటించడంతో రేడియో ఖగోళశాస్త్రం పుట్టింది.

అలాంటి వినికిడి కేంద్రం మనకు మరీ దూరమేమీ కాదు. మార్కాపురం రోడ్డులో రైలెక్కి గిద్దలూరు, నంద్యాల దాటి, ధర్మవరం మీదుగా హిందూపురం చేరితే, ఆ తర్వాత కర్ణాటక సరిహద్దులోనే గౌరిబిదనూరు. అక్కడి పల్లెల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1976లో అక్కడ కేంద్రం నెలకొల్పాయి. మొదటి దూరదర్శిని నేల మీద పరచిన ఆంగ్ల ‘టీ’ అక్షరం. వెయ్యి యాంటెన్నాలు, తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల పొడవు. దానితో గీసిన ఆకాశపటాన్ని ద్వారకానాథ్, ఉదయశంకర్ 1990లో ప్రచురించారు.

1997 నుంచి సూర్యుడి కోసమే మరో వరుస పనిచేస్తోంది. పెద్ద పళ్లేలు ఊహించుకోవద్దు. ఒకప్పుడు మన మిద్దెల మీద దూరదర్శన్ కోసం నిలబెట్టిన కడ్డీల యాంటెన్నాల్లాంటివే, బారులు తీరి ఉంటాయి. దాదాపు ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా సూర్యుడిని వినడం అక్కడి దినచర్య. మబ్బు పట్టినా పని ఆగదు, రేడియో తరంగాలకు మబ్బు అడ్డు కాదు.

ఏమి వింటారు? సూర్యుడికి దగ్గరి వేడి వాయువు హెచ్చు పౌనఃపున్యంలో, పైకి పోయేకొద్దీ తక్కువ పౌనఃపున్యంలో పలుకుతుంది. తుఫాను బయలుదేరి పైకి లేస్తుంటే, హార్మోనియం మీద వేళ్లు పై మెట్ల నుంచి కింది మెట్లకు జారినట్టు ఆ ధ్వని దిగుతుంది. ఎంత త్వరగా దిగిందో చూసి తుఫాను వేగం లెక్కగడతారు. రేడియో కబురు ఎనిమిది నిమిషాల్లో మనకు చేరుతుంది. తుఫాను రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ వ్యవధే మనకు దొరికే హెచ్చరిక. 1989 మార్చిలో ఇలాంటి తుఫాను కెనడాలోని క్విబెక్‌లో 60 లక్షల మందిని తొమ్మిది గంటలు చీకట్లో ఉంచింది. 2016 మే 1న సూర్యుడి నుంచి వెలువడిన ఒక మేఘపు బలహీన రేడియో కిరణాలను గౌరిబిదనూరులో పట్టి, దాని అయస్కాంత బలాన్ని కొలిచారు. మేఘం ఎంత హాని చేస్తుందో చాలావరకు ఆ అయస్కాంతం మీదే ఆధారపడుతుంది. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 అదే సూర్యుడిని అంతరిక్షం నుంచి చూస్తోంది.

చిక్కల్లా మన రొదతోనే. ఈ సూర్య యాంటెన్నాలు వినేది సుమారు 40 నుంచి 120 మెగాహెర్ట్జ్. ఎఫ్ఎం స్టేషన్ల 88-108 ఆ మధ్యలోనే ఉంది. చంద్రుడి మీద ఒక సెల్‌ఫోన్ పెడితే రేడియో ఆకాశంలో అత్యంత ప్రకాశవంతమైన వాటిలో అదొకటవుతుందని శాస్త్రవేత్తలు అంటారు. నక్షత్రాల ధ్వని అంత సన్ననిది. హోరేబు గుహ ముందు నిలిచిన ఏలీయా ఇక్కడ మాకు గుర్తొచ్చాడు. కానీ ఈ బుసబుస దేవుని స్వరం కాదు, వేడి వాయువుది. పోలికను అంతకు మించి లాగడం మాకిష్టం లేదు.

తాతగారి ట్రాన్సిస్టర్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మొన్న పెట్టి చూస్తే పొలం మోటారు, చవక ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జరు తప్ప ఏమీ వినపడలేదు. కరెంటు పోయాక, దూరంగా ఏదో స్టేషను. ఇంతలో కరెంటు వచ్చింది.