అసలైన ఆకాశవాణి

కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల నుంచి హైడ్రోజన్ పంపుతున్న కబుర్లు మన నెత్తిమీద రోజూ కురుస్తూనే ఉన్నాయి. వాటిని పట్టి, లెక్కగట్టి, విశ్వం దగ్గర ఇంకెంత సరుకు మిగిలిందో చూస్తున్నారు శాస్త్రవేత్తలు. అడ్డమల్లా మన చేతిలోని ఫోనే!

సికింద్రాబాద్‌లో ఏ ఇంట్లోనైనా రేడియో ముల్లు తిప్పి 101.9 దగ్గర ఆపితే రెయిన్‌బో ఎఫ్‌ఎం పలుకుతుంది. పాటో, కబుర్లో... ఏదో ఒకటి. సరిగ్గా అదే అంకె దగ్గర ఇంకో ప్రసారం కూడా రాత్రింబవళ్లు నేలకు దిగుతోంది. దానికి స్టేషన్ లేదు, అనౌన్సరు లేరు. విశ్వం పుట్టి దాదాపు 33 కోట్ల ఏళ్లయినప్పుడు బయల్దేరిన ప్రసారం అది. పంపింది హైడ్రోజన్ వాయువు. మన ఇంటి రేడియోకే కాదు, అంత పాత కబురు ఇంతవరకూ ప్రపంచంలో ఎవరికీ ఖాయంగా చిక్కలేదు. కానీ ముల్లును ఇంకా పైకి తిప్పుకుంటూ పోతే... 600, 700, 1000, 1420 మెగాహెర్ట్జ్‌ల దగ్గర మాత్రం చిక్కుతోంది. అక్కడ పలికేవి గెలాక్సీలు!

గెలాక్సీ అనగానే కళ్లముందు మెదిలేది నక్షత్రాల సుడి. అది వెలుగుతున్న దీపం. దీపాన్ని చూసి ప్రమిదలో నూనె ఎంతుందో చెప్పగలమా? నక్షత్రాలను పుట్టించేది చల్లని హైడ్రోజన్. ప్రోటాను, ఎలక్ట్రాను విడిపోకుండా అణువు అణువుగా ఉండే ఆ వాయువునే తటస్థ హైడ్రోజన్ అంటారు. అది గడ్డకట్టినట్టు దగ్గరై, మేఘమై, తన బరువుకు తానే కుంగిపోయి చివరికి నక్షత్రంగా వెలుగుతుంది. మన పాలపుంతలో ఏడాదికి ఒకటి రెండు సూర్యుళ్లంత సరుకు ఇలా నక్షత్రాలుగా మారుతుంది. ఆ సరుకు నిల్వ ఎంత? ఎన్నాళ్లొస్తుంది? కొత్తది ఎక్కడి నుంచి వస్తోంది? కంటికి కనిపించని ఆ నూనెను కొలవడమే తటస్థ హైడ్రోజన్ సర్వేల పని.

బేగంపేటలో లెక్కపెట్టారు

ఆకాశాన్ని సర్వే చేయడం జంటనగరాలకు కొత్తేమీ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలో సొంతంగా వేధశాల పెట్టుకున్నాడు. నిజాం పేరు పెట్టి నిజామియా అన్నాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది. తర్వాత సికింద్రాబాద్‌కు పక్కనే ఉన్న బేగంపేటకు మార్చింది. అప్పటికే ప్యారిస్‌లో 1887లో మొదలైన ఓ మహాయజ్ఞం నడుస్తోంది. ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా కోసి దేశదేశాల వేధశాలలకు పంచారు. ఎవరి పట్టీని వాళ్లు ఫొటోలు తీసి అందులోని ప్రతి నక్షత్రం చిరునామా రాసివ్వాలి. దక్షిణ అమెరికాలోని శాంటియాగో చేయలేకపోయిన పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది. నిజామియా వాళ్లు గాజుపలకల మీద ఫొటోలు తీశారు. ఒక్కో చుక్కనూ కంటితో చూసి, కొలిచి, పుస్తకంలోకి ఎక్కించారు. కంప్యూటర్లు లేవు. ఏళ్లు గడిచాయి, డైరెక్టర్లు మారారు, 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. లెక్క మాత్రం ఆగలేదు. చివరికి తేలిన నక్షత్రాలు ఏడు లక్షలకు పైమాటే. బేగంపేట మీదుగా రోజూ వెళ్లేవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

అదంతా దీపాల లెక్క. నూనె లెక్క మొదలవడానికి రెండో ప్రపంచయుద్ధం దాకా ఆగాల్సి వచ్చింది. జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో 1944లో హెండ్రిక్ వాన్ డి హల్స్ట్ అనే కుర్ర శాస్త్రవేత్త కాగితం మీద ఓ లెక్క వేశాడు. హైడ్రోజన్ అణువులో ప్రోటాను, ఎలక్ట్రాను రెండూ బొంగరాల్లాంటివి. రెండూ ఒకే తీరున తిరుగుతున్నప్పుడు ఎప్పుడో ఒకసారి ఎలక్ట్రాను పల్టీ కొడుతుంది. కొట్టినప్పుడు చిన్న రేడియో తరంగం వెలువడుతుంది. దాని పొడవు 21 సెంటీమీటర్లు. పౌనఃపున్యం 1420 మెగాహెర్ట్జ్‌లు. చిక్కేమిటంటే ఒక అణువు దానంతటది పల్టీ కొట్టాలంటే సగటున కోటీ పది లక్షల ఏళ్లు పడుతుంది. అయితేనేం, గెలాక్సీలో అణువులకు కొదవా? ఏ క్షణంలో చూసినా లెక్కలేనన్ని అణువులు పల్టీ కొడుతూనే ఉంటాయి.

1951 మార్చిలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఎవెన్, ఎడ్వర్డ్ పర్సెల్ ఆ తరంగాన్ని పట్టుకున్నారు. వాడిన యాంటెనా ఏమిటో తెలుసా? ప్లైవుడ్‌తో చేసి లోపల రాగిరేకు అతికించిన ఓ గరాటు. కిటికీలోంచి బయటికి పెట్టారు దాన్ని. వానొస్తే నీళ్లు లోపలికి కారేవట. రెండేళ్ల ముందే, 1949లో, అదే హార్వర్డ్‌కు హైదరాబాద్ నుంచి ఓ కుర్రాడు చదువుకోవడానికి వెళ్లాడు. వెళ్లిన కొద్దికాలానికే ఓ తోకచుక్కను కనిపెట్టాడు. ఆయన వైణు బప్పు. తండ్రి నిజామియాలో పనిచేసేవారు. పిల్లవాడు ఆ టెలిస్కోపుల చుట్టూనే పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు, తర్వాత మన దేశంలో ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు.

ముల్లు తిప్పితే కాలం వెనక్కి

హైడ్రోజన్ పలికేది ఎప్పుడూ 1420 దగ్గరే. మరి 700 దగ్గర, 101.9 దగ్గర ఎందుకు వినిపించాలి? విశ్వం విస్తరిస్తోంది కాబట్టి. ఎంత దూరం నుంచి వస్తే తరంగం అంత సాగుతుంది. సాగేకొద్దీ దాని పౌనఃపున్యం తగ్గుతుంది. 710 దగ్గర విన్నామంటే ఆ తరంగం రెట్టింపు సాగిందని, దాదాపు 800 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిందని అర్థం. అంటే రేడియో ముల్లు కిందికి తిప్పడమంటే కాలంలో వెనక్కి నడవడమే.

దగ్గరి గెలాక్సీల లెక్క బాగానే సాగింది. ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుతో 2005 నుంచి 2012 వరకు చేసిన సర్వేలో సుమారు 31,500 గెలాక్సీల హైడ్రోజన్ దొరికింది. ఆ టెలిస్కోపు 2020లో కుప్పకూలింది. చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోపు 2023లో ఇచ్చిన తొలి జాబితాలోనే 41,741 ఉన్నాయి. ఈ సర్వేలు బరువొక్కటే చెప్పి ఊరుకోవు. గెలాక్సీ తిరుగుతుంటే ఒక అంచు మనవైపు వస్తుంది, రెండో అంచు దూరంగా పోతుంది. ఒకవైపు సిగ్నల్ కాస్త పైకి, రెండోవైపుది కాస్త కిందికి జరుగుతుంది. ఆ తేడా చూసి గెలాక్సీ ఎంత వేగంతో తిరుగుతోందో చెప్పొచ్చు. నక్షత్రాలు అయిపోయాక కూడా హైడ్రోజన్ ఇంకా చాలా దూరం పరుచుకుని ఉంటుంది. ఆ కొసన కూడా వేగం తగ్గడం లేదు. కనిపించని కృష్ణపదార్థం ఏదో పట్టి ఉంచుతోందనడానికి దొరికిన గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి.

అసలు కష్టమంతా దూరపు గెలాక్సీలతోనే. దానికోసమే సికింద్రాబాద్‌లో శతాబ్ది ఎక్కి పుణె వెళ్లి, అక్కడి నుంచి ఉత్తరంగా మరో 80 కిలోమీటర్లు పోవాలి. నారాయణ్‌గావ్ దగ్గర ఖొడద్ అనే పల్లె. ద్రాక్షతోటలు, టమాటా చేలు ఉండే ఆ ప్రాంతంలో 45 మీటర్ల వెడల్పున్న డిష్‌లు ముప్పై! పద్నాలుగు నడిమధ్యలో గుంపుగా, పదహారు మూడు కొమ్మలుగా, పాతిక కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. అదే జీఎంఆర్‌టీ. గోవింద్ స్వరూప్ కలగని కట్టించిన టెలిస్కోపు. డిష్ అంటే రేకు పలక అనుకునేరు. సన్నటి స్టీలు తీగల వల అది. గాలి దూరిపోతుంది, బరువు తక్కువ, ఖర్చూ తక్కువ. దోమతెర లాంటి ఆ వలలోంచి ఆకాశం కనిపిస్తుంది గానీ రేడియో తరంగం మాత్రం జారిపోదు.

1980లలో స్వరూప్ ఈ టెలిస్కోపు కావాలని అడిగినప్పుడు చెప్పిన ముఖ్యకారణాల్లో ఒకటి ఆదిమ విశ్వంలోని హైడ్రోజన్‌ను వెతకడం. 2001లో ప్రపంచ శాస్త్రవేత్తలకు అంకితం చేశారు. కానీ అడిగింది అంత తేలిగ్గా దొరకలేదు. దూరపు గెలాక్సీ ఒక్కొక్కటీ పంపే కబురు మరీ బలహీనం. ఎన్ని గంటలు విన్నా హోరులో కలిసిపోతుంది. ఆ మధ్య కొత్త రిసీవర్లు బిగించి టెలిస్కోపు చెవిని పదును పెట్టాక పుణెలోని శాస్త్రవేత్తలు ఓ ఉపాయం చేశారు. విడివిడిగా వినబడకపోతే కలిపి వింటే పోలా?

కొట్టు పద్దు ఊహించుకోండి. హోరు అనేది ఒకరోజు లాభం, ఒకరోజు నష్టం. వేల రోజులు కూడితే సున్నాకు దగ్గరగా వస్తుంది. హైడ్రోజన్ కబురు మాత్రం రోజూ జమయ్యే ఒక్క పైసా. వేల రోజులకు అదే పైకి తేలుతుంది. కాకపోతే ఏ గెలాక్సీ ఎక్కడుందో, ఎంత దూరమో ముందే తెలియాలి. లేకపోతే ముల్లు ఎక్కడ ఆపాలో తెలియదు. ఆ చిరునామాలు హవాయిలోని కెక్ టెలిస్కోపు చేసిన పాత సర్వేలో దొరికాయి. నిజామియా గాజుపలకల్లాంటి ఓపిక పని ఎప్పుడో, ఎక్కడో, ఇంకెవరికో ఇలాగే అక్కరకొస్తుంది. మొత్తం 7,653 గెలాక్సీలు. ఆదిత్య చౌధురి, నిస్సిం కనేకర్, జయరాం చెంగలూర్, వారి సహచరులు అన్నింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి కూడారు. 2020లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది ఫలితం. దాదాపు 800 కోట్ల ఏళ్ల కిందటి ఆ గెలాక్సీల్లో సగటున 1,190 కోట్ల సూర్యుళ్లంత బరువున్న హైడ్రోజన్ ఉంది!

చాలా ఎక్కువ కదూ? కానీ ఆ రోజుల్లో నక్షత్రాలు పుట్టే జోరు ముందు అది చాలదు. బయటినుంచి కొత్త వాయువు వచ్చిపడకపోతే వంద, రెండొందల కోట్ల ఏళ్లలో ఖాళీ అయిపోతుందని తేలింది. విశ్వంలో నక్షత్రాలు పుట్టే వేగం అప్పట్నుంచీ పడిపోతూ వచ్చి ఇప్పుడు పదోవంతుకు దిగింది. ఎందుకన్నది చాలాకాలంగా పెద్ద ప్రశ్న. నూనె అందినంత వేగంగా అందకపోవడమే కారణమన్న వాదనకు ఇది బలమైన ఆధారం. 2023లో మరో అడుగు పడింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉన్న అర్ణబ్ చక్రబర్తి, బెంగళూరు ఐఐఎస్‌సీలోని నిరుపమ్ రాయ్ కలిసి ఈసారి ఒకే ఒక్క గెలాక్సీ కబురు విన్నారు. 880 కోట్ల ఏళ్ల కిందటిది అది. మధ్యలో అడ్డొచ్చిన ఇంకో గెలాక్సీ భూతద్దంలా పనిచేసి సిగ్నల్‌ను సుమారు ముప్పై రెట్లు పెంచింది. టెలిస్కోపు జీఎంఆర్‌టీయే.

టవరు నీడలో

ఇక అడ్డంకి సంగతి. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్‌ల వరకు ఎవరూ ఏ ప్రసారమూ చేయకూడదని అంతర్జాతీయ నిబంధన ఉంది. ఆ కాస్త మేర హైడ్రోజన్‌కు వదిలేశారు. అది దగ్గరి గెలాక్సీలకు సరిపోతుంది. దూరపువాటి కబుర్లు సాగి సాగి ఆ గీత దాటి మన ఇలాకాలోకి వచ్చేస్తాయి. మొబైల్ 900 బ్యాండ్‌నే తీసుకోండి. టవరు నుంచి ఫోనుకు వచ్చే సిగ్నల్ 935 నుంచి 960 మధ్య ఉంటుంది. భూమి ఇంకా పుట్టక ముందు, 500 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన హైడ్రోజన్ తరంగం వచ్చేదీ అక్కడికే. 5జీ వాడే 700 బ్యాండ్ దగ్గర ఉన్నవి దాదాపు 700 కోట్ల ఏళ్ల కిందటివి. సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిల్చున్న జనం చేతుల్లోని ఫోన్లు చాలు, విశ్వచరిత్రలో కొన్ని అధ్యాయాలు మూసేయడానికి!

ఈ బాధ నగరానికి ముందే తెలుసు. దీపాల వెలుగు పెరిగి బేగంపేటలో చుక్కలు మసకబారాయి. ఉస్మానియా వాళ్లు ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నారు. నగరం అటూ పెరిగింది. కంటికి ఎదురైన ఆ చిక్కే ఇప్పుడు చెవికీ ఎదురవుతోంది. ఖొడద్ చుట్టూ కొండలున్నాయి, జనం తక్కువ అని ఏరికోరి ఎంచుకున్న చోటుకే టవర్లు చేరాయి. అందుకే రాబోయే ఎస్‌కేఏ టెలిస్కోపును దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లోని ఎడారి ప్రాంతాల్లో కడుతున్నారు. మన దేశం తన వాటాగా 1,250 కోట్ల రూపాయలు పెడుతోంది. ఎడారులు అరువు తెచ్చుకోవడం సరే, ఉన్న ఖొడద్‌ను కాపాడుకోవడం అంతకన్నా చవక.

జీఎంఆర్‌టీని చూడాలనుకునే పిల్లలకు ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం మంచి అదను. ఆ రోజుల్లో అక్కడ పెద్ద సైన్స్ ప్రదర్శన జరుగుతుంది. అంతదూరం వీలుకాదంటే మేడ మీదే ప్రయత్నించొచ్చు. ఎవెన్ గరాటు ఇప్పుడు ఇంకా తేలిక. అట్టపెట్టె లేదా ప్లైవుడ్‌తో గరాటు చేసి లోపల అల్యూమినియం రేకు అతికించాలి. చిన్న ఆంప్లిఫయర్, కంప్యూటర్‌కు తగిలించే టీవీ డాంగుల్ లాంటి రిసీవరు ఉంటే చాలు. చాలా దేశాల్లో కాలేజీ పిల్లలు ఇలా చేస్తున్నారు. దూరపు గెలాక్సీలు దొరకవు గానీ పాలపుంత దొరుకుతుంది. 1420కి నిబంధనల కాపలా ఉంది కాబట్టి నగరం నడిబొడ్డున కూడా అవకాశం ఉంది. వానలు లేని ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల్లో ధనూరాశి వైపు గరాటు తిప్పి కాసేపు ఆగితే తెరమీద గీత 1420.4 దగ్గర చిన్న మూపురంలా లేస్తుంది. అది కాస్త అటో ఇటో జరిగి ఉంటే కంగారుపడక్కర్లేదు. ఆ వాయువు మన వైపు వస్తోందో, మననుంచి దూరంగా పోతోందో చెబుతోందన్నమాట.