వస్తువూ వాద్యమూ: లీడ్స్ 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్'

వస్తువు సరైనదైతే రూపం దానంతటదే దొరుకుతుందని మన చర్చల్లో తరచూ వింటుంటాం. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి సాహిత్యం నుంచి కాక, ఒక ఇంగ్లీషు పాటల బృందం నుంచి ఉదాహరణ తీసుకుంటాను.

ఉత్తర ఇంగ్లండులోని లీడ్స్ ఉన్ని పరిశ్రమ మీద ఎదిగిన నగరం. 1970ల చివర ఆ పరిశ్రమ కుంగిపోతోంది. నేషనల్ ఫ్రంట్ జాతి విద్వేషాన్ని వీధుల్లోకి తెచ్చింది. 1976లో అక్కడి విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదువుతున్న జాన్ కింగ్, ఆండీ గిల్, డ్రమ్స్ వాయించే హ్యూగో బర్నమ్‌తో కలిసి ఈ బృందాన్ని మొదలుపెట్టారు. బేస్ గిటార్‌తో డేవ్ అలెన్ తర్వాత చేరాడు. పేరు ఆ ఏడే చైనాలో అరెస్టయిన నలుగురిది. మనకది తీవ్రమైన వివాదం. వాళ్లకు సగం వేళాకోళం.

అంతకుముందే వచ్చిన పంక్ సంగీతం ఆగ్రహాన్ని అరిచి చెప్పింది. వీళ్లు ఆ ఆగ్రహాన్ని పాట నిర్మాణంలోకి తెచ్చారు. 1979 నాటి 'ఎంటర్‌టైన్‌మెంట్!' ఆల్బంలో 'నాట్ గ్రేట్ మెన్' అనే పాట ఉంది. చరిత్రను నిర్మించేది మహాపురుషులు కాదన్నది దాని వస్తువు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' చదివిన మనకు అది కొత్త కాదు. కొత్తదనం వాద్యంలో ఉంది. రాక్ సంగీతానికి తనదైన మహాపురుషుడు ఒకడున్నాడు. పాట మధ్యలో గిటారిస్టు ముందుకొచ్చి ఒంటరిగా విజృంభిస్తాడు, మిగతావాళ్లు అతనికి తాళం వేస్తారు. గిల్ ఆ పని చెయ్యడు. పొడిగా, ముక్కలు ముక్కలుగా మీటి ఆగిపోతాడు. కొన్ని పాటల్లో సోలో రావలసిన చోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో బేసూ డ్రమ్సూ ముందుకొస్తాయి. మహాపురుషుణ్ణి కాదన్న పాటలో వాద్యగాడు మహాపురుషుడైతే ఆ మాటకు విలువేముంది?

'ఈథర్' అనే పాటలో రెండు గొంతులు వంతులవారీగా వస్తాయి. ఒకటి ఇంటి సుఖాల గురించి మాట్లాడుతుంటే, రెండోది ఉత్తర ఐర్లండులోని లాంగ్ కేష్ జైలు ఖైదీల చిత్రహింసను వార్తలా చెబుతుంది. వైరుధ్యాన్ని వివరించే ఉపన్యాసం ఎక్కడా లేదు. రెండింటినీ కలిపి వినే బాధ్యత శ్రోతదే. మన దీర్ఘకవితల్లో కవి ఇంత నమ్మకం పాఠకుడి మీద ఎందుకుంచడు?

అయితే వీళ్ల ఆల్బం వేసింది రాడార్లు కూడా తయారుచేసిన ఇ.ఎం.ఐ. కంపెనీ. తొలి రికార్డు 1978లో ఎడిన్‌బరోలోని ఫాస్ట్ ప్రొడక్ట్ అనే చిన్న సంస్థ వేసింది. అక్కడే ఉండిపోతే వినేవాళ్లు తగ్గేవారన్నది నిజమే. 1979లో బీబీసీ టీవీ కార్యక్రమంలో కండోములను సూచించే మాటకు బదులు తాము చెప్పిన మాటే పాడాలని పట్టుబడితే, పాడకుండా వెళ్లిపోయారు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధ సమయంలో సైనిక దుస్తుల మోజును ఎగతాళి చేసిన పాటను బీబీసీ ఆపేసింది. కానీ 2006లో, విశ్రాంతి కూడా సరుకైపోవడం గురించిన వీళ్ల పాట 'నేచురల్స్ నాట్ ఇన్ ఇట్', సోఫియా కొపోలా తీసిన 'మేరీ ఆంటోనెట్' చిత్రంలో టైటిళ్ల మీద వినిపించింది. తెర మీద రాణి సోఫాలో జారగిలబడి ఉంటుంది, పక్కన కేకులుంటాయి. అది వ్యంగ్యమా, అలంకారమా అన్నది నేనింకా తేల్చుకోలేదు.